బ్రెయిన్ మ్యాప్‌లో ఎరుపు కనిపిస్తే బాబు మెదడుకి విశ్రాంతి లేనట్టేనా?

పేరు, ఊరు వెయ్యొద్దంటూ ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. వాళ్ల బాబుకి ఆరేళ్లు. మూడో ఏట ఆటిజం అని తేల్చారు. మాటలు తక్కువ, విన్న వాక్యాలే మళ్లీ మళ్లీ అంటుంటాడు. స్పీచ్ థెరపీకీ, ఆక్యుపేషనల్ థెరపీకీ విడవకుండా తీసుకెళ్తున్నారు. ఈమధ్యే బొమ్మల కార్డులు చేతికిచ్చి కావలసింది అడగడం నేర్చుకున్నాడట. దాహమైతే నీళ్ల కార్డు, విసుగొస్తే 'చాలు' అన్న కార్డు.

తెలిసినవాళ్లెవరో చెబితే ఒక సెంటర్‌లో బ్రెయిన్ మ్యాపింగ్ చేయించారు. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తుని గీతలుగా నమోదు చేసి (దీన్నే ఈఈజీ అంటారు), దాన్ని రంగుల బొమ్మగా మార్చే పరీక్ష అది. ఆ రోజు జరిగింది ఆవిడ మాటల్లోనే: "తలకి టోపీ పెట్టి జెల్ రాస్తుంటే ఒకటే ఏడుపు. ఒకామె రెండు చేతులతో వాడి తల పట్టుకుంది. మావారు ఫోన్‌లో వాడికిష్టమైన రైలు వీడియో పెడితే కొంచెం ఊరుకున్నాడు. మధ్యలో నా బ్యాగ్‌లో చెయ్యి పెట్టి వెతుక్కున్నాడు. 'చాలు' కార్డు కోసమని తర్వాత తట్టింది నాకు. కార్డులు ఇంట్లో మర్చిపోయి వచ్చాం." వారం తర్వాత రంగుల రిపోర్టు చేతికొచ్చింది. నుదుటి దగ్గరా, కణతల దగ్గరా ఎరుపు, తల వెనక నీలం. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా బాబు మెదడు సరిగా పనిచెయ్యడం లేదని, తీటా అనే నెమ్మది తరంగాలు ఎక్కువ, వాటికన్నా కొంచెం వేగమైన ఆల్ఫా తరంగాలు తక్కువ, ఒక భాగానికీ ఇంకో భాగానికీ కనెక్షన్లు లేవని చెప్పారట. నలభై సిట్టింగ్‌ల న్యూరోఫీడ్‌బ్యాక్‌తో (మెదడు తరంగాల్ని తెరమీద చూపిస్తూ వాటిని మార్చుకునేలా అలవాటు చేసే పద్ధతి) సరిచేస్తామనీ, అవసరమైతే తర్వాత అయస్కాంతంతో స్టిమ్యులేషన్ కూడా ఇస్తామనీ అన్నారట.

భర్త ఒప్పేసుకున్నారు. రెండిటికీ డబ్బు చాలదు కాబట్టి స్పీచ్ థెరపీ కొన్నాళ్లు ఆపుదామంటున్నారు. ఆ మ్యాప్‌ని ఫోన్‌లో దాచుకుని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తున్నారు. ఆవిడకేమో మనసొప్పడం లేదు, కానీ ఎందుకొప్పడం లేదో చెప్పలేకపోతున్నారు. అసలు ఎమ్మారై తీయిస్తే నిజం తేలుతుందా అని అడిగారు. ఏడాదిన్నర దాటిన పాపకి కూడా ఇప్పుడే ఏదైనా స్కాన్ చేయించాలా అని అడిగారు. ఉత్తరం చివర్లో రాసింది ఇది: "వాడు ఒక్కోసారి ఉన్నట్టుండి ఎటో చూస్తూ ఉండిపోతాడు. పిలిచినా పలకడు. కాసేపటికి మళ్లీ మామూలే. అప్పుడు వాడి తలలో ఏం జరుగుతోంది? ఖాళీగా కూర్చున్నప్పుడు కూడా వాడి మెదడుకి విశ్రాంతి లేదా?"

అమ్మా,

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది అదేనని ఉత్తరం చదువుతుంటే అనిపించింది. మీ బాబు మెదడుకే కాదు, మీకూ నాకూ ఎవరికీ ఆ అర్థంలో విశ్రాంతి ఉండదు. శరీరం బరువులో మెదడు దాదాపు రెండు శాతమే, కానీ మనం ఊరికే కూర్చున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఐదో వంతు అదే వాడుకుంటుంది. కష్టమైన లెక్క చేయమన్నా ఆ ఖర్చు పెరిగేది ఐదు శాతం లోపే. అంటే మెదడు చేసే పనిలో చాలా భాగం మనం 'ఏమీ చెయ్యనప్పుడు' జరిగేదే. 1995లో భరత్ బిశ్వాల్ అనే పరిశోధకుడు ఎమ్మారై యంత్రంలో మనుషుల్ని ఏమీ చెయ్యకుండా పడుకోమని చూశాడు. చేతులు కదలకపోయినా, చేతుల కదలికని నడిపే కుడి ఎడమ మెదడు భాగాలు రెండిటి చురుకుదనం ఒకే లయలో నెమ్మదిగా పెరుగుతూ తగ్గుతూ కనిపించింది. 2001లో మార్కస్ రైకిల్ బృందం, పని లేనప్పుడు చురుగ్గా ఉండి పని మొదలుపెట్టగానే తగ్గే భాగాల గురించి రాసింది. వాటినే డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అంటున్నారు. మన గురించీ, పక్కవాళ్ల మనసు గురించీ, జరిగినవాటి గురించీ తలపోసేటప్పుడు ఆ భాగాలు పనిచేస్తాయి. ఆటిజం మీద పనిచేసేవాళ్లకి ఆ నెట్‌వర్క్ అంటే అంత ఆసక్తి అందుకే.

కాబట్టి రిపోర్టులో 'విశ్రాంతిలో కూడా మెదడు పనిచేస్తోంది' అన్న అర్థం వచ్చే మాటేదైనా ఉంటే దానికి భయపడకండి. అది బతికున్న ప్రతి మెదడు లక్షణం.

ఇక ఆ రిపోర్టు సంగతి. దాన్ని నేను చూడలేదు, మీరు రాసినదాన్ని బట్టే చెబుతున్నాను. కానీ మీరు రాసినదే చాలా చెబుతోంది.

ఆల్ఫా తరంగాలు తక్కువన్నారు. మనిషి తల మీంచి మెదడు విద్యుత్తుని మొదటిసారి 1924లో నమోదు చేసింది హాన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు. 1929లో ప్రచురించాడు. ఆయన మొట్టమొదట గమనించిన వాటిలో ఒకటి, కళ్లు మూసుకుంటే తల వెనక భాగంలో ఆల్ఫా లయ బలంగా వస్తుంది, కళ్లు తెరవగానే పడిపోతుంది. ఇప్పటికీ ఈఈజీ తీసేవాళ్లు 'కళ్లు మూసుకోండి, తెరవండి' అని చెప్పేది అందుకే. మీ బాబు ఆ రోజు రైలు వీడియో చూస్తున్నాడు. కళ్లు తెరిచి, ఇష్టమైనదాన్ని తదేకంగా చూస్తున్న ఏ పిల్లాడికైనా తల వెనక ఆల్ఫా తగ్గుతుంది. మ్యాప్‌లో అక్కడే నీలం వచ్చిందన్నారు. ఆ నీలం బాబు ఆటిజం గురించి ఏమైనా చెబుతోందా, ఫోన్ చూస్తున్నాడని మాత్రమే చెబుతోందా? ఆ రికార్డింగ్‌ని బట్టి ఎవరూ తేల్చలేరు.

నుదుటి మీద ఎరుపు సంగతి చూడండి. కనుగుడ్డు ఒక చిన్న బ్యాటరీ లాంటిది, ముందు ఒక ధ్రువం, వెనక ఇంకోటి. రెప్ప కొట్టినా, కన్ను తిప్పినా నుదుటి దగ్గర ఎలక్ట్రోడ్లలో పెద్ద పెద్ద నెమ్మది తరంగాలు పడతాయి. కణతల దగ్గర దవడ కండరాలుంటాయి. ఏడ్చినా, పళ్లు బిగించినా అక్కడ వేగమైన తరంగాలు పడతాయి. తల వెంట్రుకల మీద ఎలక్ట్రోడ్ కాస్త జరిగినా గీతలు ఊగుతాయి. అనుభవమున్నవాళ్లు ఆ ముక్కలన్నీ ఏరి తీసేసి, మిగిలిన శుభ్రమైన భాగాన్నే లెక్కకి తీసుకుంటారు. ఏడుస్తున్న ఆరేళ్ల పిల్లాడి తలని ఒకరు పట్టుకుని ఉండగా తీసిన రికార్డింగ్‌లో శుభ్రమైన భాగం ఎంత మిగిలి ఉంటుంది? సెంటర్ వాళ్లని ఈ ఒక్క మాట అడగండి: 'మొత్తం ఎన్ని నిమిషాలు తీశారు, అందులో ఎన్ని నిమిషాలు వాడారు, కళ్లు తెరిచి ఉన్నవా మూసి ఉన్నవా?' రంగుల బొమ్మ కాకుండా అసలు గీతల రికార్డింగ్ కూడా కావాలని అడగండి. పరీక్ష మీ బాబుది, అడిగితే ఇవ్వాలి. ఇవ్వకపోతే అదీ ఒక జవాబే.

ఇంకో సంగతి, వయసు. చిన్నపిల్లల్లో నెమ్మది తరంగాలు సహజంగానే ఎక్కువ. తల వెనక లయ మూడేళ్లప్పుడు సెకనుకి ఎనిమిది తరంగాల దాకా ఉండి, పదేళ్లు వచ్చేసరికి పది దాకా పెరుగుతుంది. బాబుని ఏ వయసు పిల్లలతో పోల్చి 'తీటా ఎక్కువ' అన్నారో కూడా తెలియాలి.

ఇదంతా చెప్పి, ఆటిజం ఉన్న పిల్లల మెదడు విశ్రాంతిలో అందరిలాగే ఉంటుందని మీకు చెప్పడం లేదు. తేడాలున్నాయి, వాటి మీద నిజమైన పరిశోధన జరుగుతోంది. 2013లో అప్పటిదాకా వచ్చిన విశ్రాంతి ఈఈజీ అధ్యయనాలని కలిపి చూసిన ఒక సమీక్షలో, నెమ్మది తరంగాలూ మరీ వేగమైన తరంగాలూ ఎక్కువగా, మధ్యలో ఉండే ఆల్ఫా తక్కువగా కనబడుతున్నాయని రాశారు. సెంటర్ వాళ్లు చెప్పిన మాటలు ఇలాంటి చోటునుంచే వచ్చి ఉంటాయి. కానీ అవి గుంపుల సగటులు. ఆటిజం ఉన్న పిల్లల్ని ఒకవైపు, లేని పిల్లల్ని ఇంకోవైపు పెడితే సగటులో తేడా వస్తుంది, విడివిడిగా చూస్తే రెండు గుంపులూ చాలావరకు కలిసిపోయే ఉంటాయి. తరగతి పిల్లల సగటు ఎత్తు తెలిసినంత మాత్రాన మీ బాబుకి చొక్కా కుట్టలేం కదా.

కనెక్షన్లు లేవన్న మాట మిమ్మల్ని బాగా గాయపరిచినట్టుంది. దాని చరిత్ర కొంచెం చెప్తే మీకే తెలుస్తుంది. 2004లో మార్సెల్ జస్ట్ బృందం, ఆటిజం ఉన్న పెద్దవాళ్లు వాక్యాలు చదువుతున్నప్పుడు మెదడు భాగాల మధ్య సమన్వయం తక్కువగా ఉందని చెప్పింది. అక్కణ్ణుంచి 'తక్కువ అనుసంధానం' అన్న మాట వ్యాపించింది. 2013లో కౌస్తుభ్ సుపేకర్, వినోద్ మీనన్, లూసీనా ఉద్దిన్‌లు పిల్లల స్కాన్లు చూస్తే దానికి తిరగబడి వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలా భాగాల మధ్య అనుసంధానం ఎక్కువగా కనిపించింది. వయసుతో పాటు ఈ తీరు మారుతూ ఉండొచ్చని వాళ్లు రాశారు. ఈలోగా 2012లో ఇంకో చిక్కు బయటపడింది. స్కాన్‌లో తల మిల్లీమీటరులో కొంత భాగం కదిలినా చాలు, దూరపు భాగాల మధ్య సంబంధం తక్కువగా, దగ్గరి భాగాల మధ్య ఎక్కువగా ఉన్నట్టు దొంగ ఫలితం వస్తుందని మూడు బృందాలు వేర్వేరుగా చూపించాయి. ఎక్కువగా కదిలేది ఎవరు? చిన్నపిల్లలు, అందులోనూ ఆటిజం ఉన్న పిల్లలు. అంటే అంతకుముందు చెప్పిన తేడాల్లో కొంత మెదడుది, కొంత కదలికది. దాంతో పాత ఫలితాలు చాలావాటిని మళ్లీ జాగ్రత్తగా చూడాల్సి వచ్చింది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే అధ్యయనం 2015లో వచ్చింది. అవితాల్ హహామీ, మార్లీన్ బెర్మన్, రఫాయెల్ మలాఖ్‌లు చేశారు. ఆటిజం లేనివాళ్ల విశ్రాంతి అనుసంధానాలు ఒకరివి ఒకరికి చాలా దగ్గరగా ఉన్నాయి. ఆటిజం ఉన్నవాళ్లవి మాత్రం ఎవరివి వాళ్లకే ప్రత్యేకంగా, ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా ఉన్నాయి. కొందరిలో ఒక చోట ఎక్కువ, మరికొందరిలో అదే చోట తక్కువ. ఇది నిజమైతే 'ఆటిజం మెదడు ఇలా ఉంటుంది' అని ఒకే నమూనా గీసి, ప్రతి పిల్లాణ్ణీ ఆ నమూనాకి ఇటువైపో అటువైపో లాగడానికి నలభై సిట్టింగ్‌లు పెట్టడంలో అర్థమేముంది?

కంప్యూటర్ చూసి చెప్పేస్తుంది కదా అని మీవారు అనొచ్చు. 'అబైడ్' అని, 17 కేంద్రాలు తమ విశ్రాంతి స్కాన్లన్నీ కలిపి అందరికీ తెరిచి ఇచ్చిన సంకలనం ఒకటి ఉంది. మొత్తం 1112 మందివి, అందులో 539 మంది ఆటిజం ఉన్నవాళ్లు. వాటిలో వెయ్యికి పైగా స్కాన్లు పెట్టి కంప్యూటర్‌కి నేర్పిస్తే 2018లో వచ్చిన పేరున్న ఫలితం 70 శాతం సరి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అక్కడ సగానికి సగం మంది ఆటిజం ఉన్నవాళ్లే. బయట ప్రపంచంలో నూటికి ఒకరు అనుకుందాం. వెయ్యిమంది పిల్లల్ని ఆ యంత్రం ముందు నిలబెడితే, పదిమందిలో ఏడుగుర్ని పట్టుకుంటుంది, ముగ్గుర్ని వదిలేస్తుంది, ఆటిజం లేని 990 మందిలో 297 మందికి ఉందని చెబుతుంది. అందుకే ఈరోజుకీ ఆటిజం నిర్ధారణ పిల్లాణ్ణి చూసి, ఆడించి, తల్లిదండ్రులతో మాట్లాడి చేస్తారు. స్కాన్‌తో చెయ్యరు. మీ బాబుకి మూడో ఏట చేసింది అదే, అదే సరైన పద్ధతి.

ఈ స్కాన్లలో ఉన్నది ఎవరో కూడా గుర్తుపెట్టుకోండి. గడగడమనే గొట్టంలో కదలకుండా కొన్ని నిమిషాలు పడుకోగలిగిన పిల్లలు. మాటలు రాని పిల్లలు, శబ్దానికి తల్లడిల్లే పిల్లలు ఇలాంటి పరిశోధనల్లో చాలా తక్కువ. మీ బాబులాంటివాళ్ల గురించి ఆ పుస్తకాల్లో రాసింది తక్కువేనని చెప్పడానికి నాకు బాధగానే ఉంది.

ఇప్పుడు ఉత్తరంలో మీరు అలా రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గరికి వస్తాను. నన్ను ఆపింది అదే. ఉన్నట్టుండి ఎటో చూస్తూ ఉండిపోతాడు, పిలిచినా పలకడు, కాసేపటికి మామూలే. చాలాసార్లు దీని వెనక భయపడాల్సిందేమీ ఉండదు. ఆటిజం ఉన్న పిల్లలు తిరిగే ఫ్యాన్‌లోనో, కిటికీ వెలుగులోనో లీనమైపోతారు. కానీ మూర్ఛ కూడా ఇలాగే, చెయ్యీ కాలూ కొట్టుకోకుండా, రావచ్చు. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతా పిల్లల్లోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ రెండిటినీ విడదీసి చూడాలి.

ఇంట్లో గమనించండి. అలా ఉండిపోయినప్పుడు పేరు పెట్టి పిలవడంతో ఆగకుండా దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వెయ్యండి, రైలు బొమ్మ కళ్లముందు పెట్టండి. లీనమైపోయిన పిల్లాడు ఏదో ఒకదానికి కదులుతాడు. మూర్ఛ అయితే ముట్టుకున్నా తెగదు. చేస్తున్న పని మధ్యలో, ఆట మధ్యలో, అంటున్న మాట మధ్యలో తెగిపోతోందా చూడండి. విసుగొచ్చి చూపు ఎటో పోవడం వేరు, ఇష్టమైన ఆట ఆడుతూ ఆగిపోవడం వేరు. రెప్పలు టపటపలాడుతున్నాయా, పెదాలు చప్పరిస్తున్నాడా, చేతులు బట్టల్ని అదేపనిగా పీకుతున్నాయా, తర్వాత కాసేపు మగతగా, దిక్కుతోచనట్టు ఉంటున్నాడా చూడండి. ఎన్ని సెకన్లు ఉంటుందో, రోజుకి ఎన్నిసార్లో రాసుకోండి. ఫోన్‌తో వీడియో తీయండి. ముఖం కనిపించేలా తీసిన అర నిమిషం వీడియో పీడియాట్రిక్ న్యూరాలజిస్ట్‌కి (పిల్లల నరాల వైద్యుడికి) ఆ రంగుల రిపోర్టు మొత్తం కన్నా ఎక్కువ చెబుతుంది.

ఆయన అవసరమంటే ఈఈజీ రాస్తారు. అది మీరు చేయించినది కాదు. వైద్య ఈఈజీలో రంగుల మ్యాప్ ఉండదు, గీతల్ని డాక్టరు కళ్లతో చదువుతారు, వెతికేది మూర్ఛ సూచనలని. వీలైతే నిద్రలో కూడా తీయమని అడగండి. నిద్రలోనే బయటపడేవి కొన్ని ఉంటాయి. బాబుకి ఇంతకుముందు వచ్చిన మాటలు మధ్యలో పోయి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. 1957లో లాండౌ, క్లెఫ్నర్ అనే ఇద్దరు వైద్యులు వర్ణించిన ఒక అరుదైన జబ్బులో, మామూలుగా మాట్లాడుతున్న పిల్లలకి మాట అర్థం కావడమే పోతుంది. దాని ఆనవాళ్లు నిద్ర ఈఈజీలో స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్క జాగ్రత్త కూడా చెప్పాలి. ఆటిజం ఉన్న పిల్లల ఈఈజీలో, ఫిట్స్ ఎప్పుడూ రాకపోయినా, అక్కడక్కడా మూర్ఛ తరహా తరంగాలు కనబడటం మామూలే. అలా వచ్చిందని వెంటనే మందులు మొదలుపెట్టాలని లేదు. అప్పుడు డాక్టరుతో 'ఇవి బాబు రోజువారీ జీవితాన్ని ఎలా దెబ్బతీస్తున్నాయి, మందు ఇస్తే ఏం మారుతుందని ఆశించాలి' అని నింపాదిగా మాట్లాడండి. చూపు ఆగిపోవడం రోజూ జరుగుతుంటే ఈ వారంలోనే చూపించండి. ఒళ్లు బిగుసుకుపోయి కొట్టుకోవడం ఐదు నిమిషాలు దాటితే అది అత్యవసరం, రేపటిదాకా ఆగేది కాదు.

ఇది తేలేవరకు అయస్కాంత స్టిమ్యులేషన్ మాట ఎత్తనివ్వకండి. పెద్దవాళ్ల డిప్రెషన్‌కి అమెరికాలో 2008 నుంచి అనుమతి ఉన్న చికిత్స అది. ఆటిజానికి అలాంటి అనుమతి లేదు. దానివల్ల ఫిట్స్ రావడం అరుదే అయినా వస్తాయి, మూర్ఛ అనుమానం ఉన్న పిల్లాడి విషయంలో ఆ అరుదు కూడా ఎక్కువే. ఈ అనుమానం గురించి ఆ సెంటర్‌లో ఎవరైనా మిమ్మల్ని అడిగారా? ఉత్తరంలో రాయలేదు కాబట్టి అడగలేదనే అనుకుంటున్నాను.

మిగిలింది న్యూరోఫీడ్‌బ్యాక్. మీ ముందున్న దారులేమిటో చెబుతాను, నిర్ణయం మీ ఇద్దరిదీ.

చేయించాలనే అనుకుంటే, నొప్పి ఉండదు, ఒంటికి పెద్ద హాని ఉండదు. కానీ ఆటిజం లక్షణాలు తగ్గుతాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. జరిగిన అధ్యయనాలు చిన్నవి, ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేనివి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, కుదురు లేకపోవడం) ఉన్న దాదాపు 140 మంది పిల్లల మీద చేసిన ఒక జాగ్రత్తైన పరీక్ష 2021లో వచ్చింది. సగం కన్నా కొంచెం ఎక్కువ మందికి నిజమైన న్యూరోఫీడ్‌బ్యాక్, మిగతావాళ్లకి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తిది ఇచ్చారు. ఎవరికేది ఇస్తున్నారో తల్లిదండ్రులకీ తెలియదు. రెండు గుంపులూ బాగుపడ్డాయి, ఇంచుమించు సమానంగా. అది వేరే సమస్యే, ఆటిజానికి నేరుగా అన్వయించలేం. అయినా, వారం వారం ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని, కుదురుగా ఉన్నప్పుడల్లా మెచ్చుకుంటే ఏ పిల్లాడిలోనైనా మార్పు వస్తుందని అది చెబుతోంది. ఆ మార్పుని యంత్రం ఖాతాలో వేసేముందు ఆలోచించాలి. చేయిస్తే మాత్రం స్పీచ్ థెరపీ ఆపకుండా చేయించండి. పది సిట్టింగ్‌ల తర్వాత మేం చూడాల్సిన మార్పు ఏమిటో ముందే కాగితం మీద రాసిమ్మనండి. తరంగాల్లో మార్పు లెక్కలోకి రాదు. నిద్ర, అడగడం, దుస్తులు వేసుకోవడం లాంటివి రాయాలి. నలభైకీ ఒకేసారి డబ్బు కట్టకండి. బాబు రెండో రోజు కూడా మొదటి రోజులాగే ఏడిస్తే ఆపేసే హక్కు మీకుండాలి.

వద్దనుకుంటే, పోయేదేమీ లేదు. ఇప్పుడు మొదలుపెట్టకపోతే వయసు దాటిపోతుందని ఎవరైనా తొందరపెడితే ఆ మాటకి ఆధారం అడగండి.

స్పీచ్ థెరపీ ఆపి ఇటు మళ్లించడమే నాకు నచ్చని దారి. ఎందుకో చెబుతాను. టోపీ పెడుతుంటే బాబు మీ బ్యాగ్‌లో చెయ్యి పెట్టి కార్డు వెతుక్కున్నాడు. అంత భయంలో, అరవడం ఒక్కటే తెలిసిన పిల్లాడు ఇప్పుడు 'చాలు' అని చెప్పడానికి మార్గం వెతుకుతున్నాడు. ఆ కార్డు దొరికి ఉంటే, అవతలివాళ్లు ఆగి ఉంటే, తన మాటకి విలువుందని వాడికి తెలిసేది. అది నేర్పింది ఆ థెరపీయే. ఇప్పుడు ఆపితే నేర్చుకున్నది పూర్తిగా పోతుందనను గానీ, ఊపు తగ్గుతుంది. రెండు మూడు జతల కార్డులు చేసి ఒకటి ఎప్పుడూ బ్యాగ్‌లోనే ఉంచండి.

ఎమ్మారై అడిగారు. మూర్ఛ, తల పెరుగుదలలో తేడా, నడకలో తేడా, ఒంటి మీద ప్రత్యేకమైన మచ్చలు లాంటి కారణం ఉంటే డాక్టరే రాస్తారు. ఆటిజం అని తెలిశాక దాన్ని 'చూడటానికి' మాత్రం తీయక్కర్లేదు. ఆరేళ్ల పిల్లాణ్ణి కదలకుండా ఉంచాలంటే మత్తు ఇవ్వాల్సి రావచ్చు. మత్తులో మెదడు విశ్రాంతి తీరే మారిపోతుంది, కాబట్టి మీరు తెలుసుకోవాలనుకున్నది అందులో కనబడదు కూడా. పరిశోధనకి తోడ్పడాలనిపిస్తే అది మంచి మనసే. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్న అధ్యయనంలో చేర్చండి. అక్కడ మీ దగ్గర డబ్బు తీసుకోరు, బాబుకి జబ్బు నయం చేస్తామని చెప్పరు, ఎప్పుడైనా మానేయొచ్చు. డబ్బు తీసుకుని 'పరిశోధన' అంటే అది పరిశోధన కాదు.

మీవారి గురించి. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. మ్యాప్‌ని వచ్చినవాళ్లందరికీ ఎందుకు చూపిస్తున్నారో ఒక్కసారి ఆలోచించండి. బాబు మాట్లాడకపోవడానికి పెంపకమే కారణమని, గారం ఎక్కువైందని, తల్లి సరిగా పట్టించుకోవడం లేదని మీరిద్దరూ ఎన్నిసార్లు విని ఉంటారు? ఇన్నాళ్లకి చేతిలో ఒక కాగితం పడింది. 'చూడండి, ఇది మా తప్పు కాదు' అని చెప్పడానికి. ఆ కాగితం తప్పైనా ఆయన చెప్పాలనుకుంటున్న మాట నిజం. ఆటిజం పెంపకం వల్ల రాదు, మెదడు ఎదుగుదలలోని తేడా. ముందు ఆ మాట ఆయనతో అనండి. రిపోర్టు పనికిరాదని మొదలుపెడితే తనకి దొరికిన ఆ ఒక్క ఆసరా లాగేస్తున్నట్టు ఉంటుంది ఆయనకి. తర్వాత ఇద్దరూ కలిసి న్యూరాలజిస్ట్ దగ్గరికెళ్లి ఆ రిపోర్టూ, మీ వీడియోలూ ముందు పెట్టండి. మీ నోటితో చెప్పేకన్నా ఆ గదిలో ఇద్దరూ ఒకేసారి వింటే మేలు.

బాబుకి నిజంగా విశ్రాంతి దొరుకుతోందా అన్నది మ్యాప్ లేకుండానే తెలుస్తుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో సగం మందికి పైగా నిద్ర సమస్యలుంటాయి. ఎప్పుడు పడుకుంటున్నాడు, పట్టడానికి ఎంతసేపు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడు, గురక ఉందా, రెండు వారాలు రాసి అదే డాక్టరుకి చూపించండి. నిద్ర కుదుటపడితే పగలు ఏడుపూ, మొండితనమూ తగ్గడం తరచూ చూస్తాం. పగలు తనకి తానే గుండ్రంగా తిరుగుతూనో, ఊగుతూనో ఉన్నప్పుడు ఊపిరి నెమ్మదిగా, భుజాలు వదులుగా ఉంటే అదే వాడి విశ్రాంతి. ఆపకండి.

పాపకి స్కాన్ అక్కర్లేదు. 2017లో ఒక అధ్యయనంలో, అన్నో అక్కో ఆటిజంతో ఉన్న 59 మంది పసివాళ్లకి ఆరో నెలలో, నిద్రలో ఉండగా, విశ్రాంతి స్కాన్ తీశారు. రెండేళ్లకి ఆటిజం తేలిన 11 మందిలో తొమ్మిదిమందిని ఆ స్కాన్ ముందే గుర్తించింది. ఆశ కలిగించే ఫలితమే, కానీ చాలా చిన్నది, ఆస్పత్రుల్లో వాడే పరీక్షగా ఇంకా మారలేదు. తోబుట్టువుల్లో ఆటిజం తేలేది 20 శాతం మందిలో అని 2024లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. ఆడపిల్లల్లో అది 13 శాతం దాకానే. అంటే ఎక్కువ అవకాశం రాకపోవడానికే, అయినా కళ్లు తెరుచుకుని ఉండాలి. పేరు పిలిస్తే తిరిగి చూస్తోందా, నచ్చినదాన్ని మీకు చూపించడానికి వేలు పెడుతోందా, మీరు వేలు పెట్టిన వైపు చూస్తోందా, మిమ్మల్ని అనుకరిస్తోందా గమనించండి. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఎం-చాట్ అని 20 ప్రశ్నల పత్రం ఉంది. పిల్లల డాక్టరు దగ్గర ఇప్పుడొకసారి, రెండేళ్లు నిండాక ఇంకోసారి చేయించండి. ఏదైనా తేడా కనిపిస్తే నిర్ధారణ దాకా ఆగక్కర్లేదు, మాటలూ ఆటలూ నేర్పే సాయం ఆ రోజునుంచే మొదలుపెట్టొచ్చు. బాబు స్పీచ్ థెరపిస్ట్‌నే ఒక గంట పాపతో కూర్చోమని అడిగి చూడండి.